మసక ఫోటో

తోటపల్లి గూడూరులో ఒక కల్యాణమండపం. ఆడపిల్లల కుస్తీ పోటీలు అప్పుడే ముగిశాయి. పోటీలు పెట్టించిన పెద్దమనిషి, ఫోటోలు తీసే అమ్మాయి కెమెరాలోకి తొంగి చూశాడు.

“ఏందమ్మా ఇది, ఫైనల్ ఫోటో ఇంత మసగ్గా ఉంది?”

“మూడు ట్యూబులైట్లే వేస్తిరి సార్. ఈ వెలుతుర్లో కదిలేవాళ్ళు మసగ్గానే వస్తారు.”

“ఫ్లాష్ కొట్టాల్సింది.”

“పట్టు పట్టే పిల్లల కళ్ళల్లోనా? కొట్టను.”

“సరే. ముఖ్య అతిథి ఇప్పుడే వచ్చినారు. పెద్ద లైట్లు వేయిస్తా, ఆ ఇద్దరి చేత అదే పట్టు మళ్ళీ పట్టించు. ఆయన వెనక నిలబడతారు. ఆట చూసినట్టు ఉంటాది.”

“పెద్ద లైట్లు ఆయన కోసమా దాచినారు?”

“పెళ్ళిళ్ళలో తాళి కట్టినాక, ఫోటో కోసం ఇంకోసారి తాళి మీద చెయ్యి పెట్టమని నువ్వే అంటావు గదా. ఇదీ అంతే.”

“అక్కడ ఎవురూ ఓడిపోరు సార్. ఇక్కడ ఓడిన చిట్టమూరు పిల్ల ఇంకోసారి వెల్లకిలా పడాల.”

“ఉత్తుత్తిగా పడేదే గదా.”

“కళ్ళు తుడుచుకుంటా కూర్చోనుంది. ఆ పిల్లని పడమని నేను చెప్పను.”

“మసక ఫోటో పేపరోళ్ళు వెయ్యరు. మళ్ళీ నిన్ను పిలవను, చూసుకో.”

“పిలవబాకండి. ఈ ఫోటో మాత్రం ఒకసారి సరిగ్గా చూడండి. పైనుండే పిల్ల, గెలిచిన పిల్ల, తేటగానే వచ్చింది. మసగ్గా ఉండేది చిట్టమూరు పిల్ల ఒక్కతే. భుజాలు మ్యాటుకు తగిలేదాకా ఆ పిల్ల పెనుగులాడతానే ఉన్నింది సార్.”