రెండో డబ్బా

మధ్యాహ్నం రెండు దాటింది. ఎండ కాలిపోతోంది, ఆకు కదలట్లేదు. మా అత్త సింగారమ్మ కొంగు నడుముకి బిగించి, గంప, కొంకి కర్ర ముందు పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఏంటత్తా అంటే, గాలి కోసం అంది. గాలేదీ అంటే, మొన్న ఈ వేళకే వచ్చింది కదా, ఇవాళా వస్తుందిలే అంది. ఆవిడ అంతే.

మీకు సంగతి చెప్పాలి. మా ఊరికి పడమట మామిడితోట ఉంది. చెట్టు మీద కాయ కౌలుదారుది, గాలికి రాలిన కాయ ఊరిది. తాతల నాటి ఒప్పందం అంట. అలాగని ఎప్పుడు పడితే అప్పుడు దూరడానికి లేదు. కాపలా దానియేలు తన పాక ముందు ఒక నూనె డబ్బా వేలాడదీశాడు. గాలి లేవగానే డబ్బా కొడతాడు, అప్పుడు లోపలికి పోవాలి. గాలి ఆగాక మళ్లీ కొడతాడు, అప్పుడు బయటికి రావాలి. రెండో డబ్బా తర్వాత లోపల ఎవరు కనబడినా గంప బోర్లించేస్తాడు. చుట్టమైనా సరే, సర్పంచి భార్యయినా సరే.

ఆ పొద్దున మా మల్లి ఫోను కుయ్యిమంది. మల్లి నా కూతురు, పదో తరగతి రాసింది. చదివి వినిపించింది. ఈ వారమంతా మధ్యాహ్నం మీద చల్లగాలులంట, ఉరుములు, పిడుగులంట, చెట్ల కింద ఉండొద్దంట. మా అత్త ఏమందంటే, ఆ ఫోను రోజూ కుయ్యిమంటుంది, మొన్న కుయ్యిమంటే ఏం పడ్డాయి, కాయలే కదా అంది. నిజమే. మొన్న చల్లగాలి ఒకటి ఊరు దాటి పోయింది. చుక్క వాన లేదు, ఒక్క ఉరుము లేదు. గంపల నిండా కాయ, పైగా ఆ రాత్రి అందరికీ హాయిగా నిద్ర. ఊరంతా ఆ రుచి మరిగింది. నేనూ మరిగాననుకోండి. రాలిన కాయ ఆవకాయకి పనికిరాదు, ఒరుగులకి పనికొస్తుంది. మేడంతా ముక్కలు కోసి ఎండబెట్టుకున్నాను.

ఏమైందంటే, ఉన్నట్టుండి వేడి విరిగింది. పడమట నుంచి చల్లటి గాలి, మొహం మీద నీళ్లు చల్లినట్టు. డబ్బా మోగింది. దానియేలు దెబ్బ మా ఊళ్లో అందరికీ తెలుసు. ఎడంచేతి వాటం. రెండు దెబ్బలు దగ్గరగా, ఒకటి ఆగి. టంటం, టం. కంపల్లోకి దొర్లిన కాయలు లాక్కోడానికి కొంకి కర్ర పట్టుకుని అత్త లేచింది. మల్లి వెళ్లనంటూనే నాయనమ్మ వెనకాల వెళ్లింది, గంప ఎత్తడానికి మనిషి ఉండాలి కదా. వీధిలో ఆడవాళ్లంతా పోయారు. నేను ఒరుగులు ఎగిరిపోతాయని మేడెక్కాను.

మేడ మీంచి చూద్దును కదా, అది మొన్నటి మబ్బు కాదు. మొన్నటిది బూడిద రంగు. ఇది నల్లగా ఉంది, అడుగున తెల్లటి చార. ఆ చార నడిచొస్తోంది. చూస్తుండగానే మెరుపు నేలకి దిగింది. ఉరుము వెంటనే రాలేదు. కానీ వచ్చింది. ఒరుగులు అక్కడే వదిలేశాను.

నేను వెళ్లేసరికి దానియేలు పాక మీద పట్టా కట్టుకుంటున్నాడు. రెండో డబ్బా కొట్టు బాబాయ్ అన్నాను. గాలి ఆగలేదు కదమ్మాయ్ అన్నాడు. గాలి ఆగకముందే కొడితే ఊళ్లో నన్ను బతకనిస్తారా, కాయలు దాచుకోడానికి కొట్టాడంటారు, అన్నాడు. ఆయన మాటా నిజమే. కర్ర తీసుకుని నేనే కొట్టాను. దెబ్బలు ఎలా పడుతున్నాయో నాకు తెలీదు. దానియేలు ఒకటే అన్నాడు, కొట్టింది నువ్వని చెప్పమ్మాయ్, అని.

బయటికొచ్చారు. తిట్టుకుంటూ వచ్చారు. పక్కింటి నరసమ్మ సగం గంపతో వచ్చి నన్ను చూసింది. ఏమే అనసూయా, మీ గంపలు నిండాయా, మా గంపలకి అడ్డం పడ్డావు, అంది. ఇంకా చాలా అంది, అవి వదిలేయండి. నేను వాళ్ల మాటలు వినట్లేదు, మొహాలు చూస్తున్నాను. అందరూ వచ్చారు. మా అత్త రాలేదు, మల్లి రాలేదు.

లోపల ఏం జరిగిందో మల్లి తర్వాత చెప్పింది. చివరి వరసలో రసాల చెట్టు కింద ఉన్నారంట. డబ్బా మోగింది నాయనమ్మా పోదాం అంటే, మా అత్త నడుము కూడా ఎత్తలేదంట. అది దానియేలు దెబ్బ కాదే పిచ్చిదానా, ఎవడో మనల్ని బయటికి పంపి తను ఏరుకుందామని కొడుతున్నాడు, అందంట. మెరుస్తోంది నాయనమ్మా అంటే, మెరిస్తే కాయ బాగా కనబడుతుంది, ఏరు, అందంట. చూశారా. నేను కొట్టినందుకే ఆవిడ ఆగిపోయింది.

బయట నాకు ఇదేం తెలీదు. లోపలికి పరిగెత్తబోయాను. దానియేలు చెయ్యి పట్టుకుని ఆపాడు. ఏ వరసలో ఉందని వెతుకుతావు అన్నాడు. నా చేతిలో కర్ర తీసుకున్నాడు.

"మీ అత్త నీ దెబ్బ నమ్మదమ్మాయ్. నా దెబ్బ నమ్ముద్ది."

ఎడంచేత్తో కొట్టాడు. టంటం, టం. టంటం, టం. అప్పటిదాకా తిట్టినవాళ్లంతా తోట వైపు తిరిగారు. ఉరుము మీద ఉరుము. ఆయన ఆపలేదు. చెట్ల మధ్య ముందు గంప కనబడింది, తర్వాత గంప కింద మా అత్త, ఆవిడ చెయ్యి పట్టి లాక్కొస్తూ మల్లి. ఆవిడ పరిగెత్తట్లేదు. కాయలు దొర్లిపోతాయని మెల్లగా నడుస్తోంది.

"గంప పడెయ్ అత్తా," అన్నాను. పెళ్లయినప్పట్నుంచి ఆవిడతో గట్టిగా మాట్లాడింది అదే మొదలు. పడేసింది.

అందరం రోడ్డవతల పాలకేంద్రం శ్లాబు గదిలోకి దూరాం. దానియేలు చివర్లో వచ్చాడు. తలుపు వేస్తుండగా అంతా తెల్లగా అయిపోయింది, అంతే. చప్పుడు చెవుల్లో కాదు, కాళ్లలో వినబడింది. తెల్లారి చూస్తే చివరి వరసలో రసాల చెట్టు పైనుంచి కిందిదాకా చీలి ఉంది. దాని కింద మా అత్త కొంకి కర్ర.

వాన గంటసేపు కురిసింది. చల్లబడింది, మట్టి వాసన. నా ఒరుగులు పోయాయి, పోనివ్వండి. అప్పట్నుంచి మా ఊళ్లో గాలి ఆగేదాకా ఎవరూ చూడట్లేదు. ఉరుము వినబడితే చాలు, దానియేలు రెండోది కొట్టేస్తాడు, ఎవరూ ఏమీ అనరు. మల్లి ఫోను కుయ్యిమంటే మా అత్తే అడుగుతోంది, ఏమంటోందే అది, అని. ఇంకా రెండు గాలులు వచ్చిపోయాయి ఈ వేసవిలో. కాయలూ దొరికాయి.

ఆ సాయంత్రం మాత్రం నేను గుమ్మంలో నిలబడి లెక్కపెట్టుకున్నాను. అత్త వచ్చింది. మల్లి వచ్చింది. లోడుతో వెళ్లిన మా ఆయన తడిసి ముద్దయి ట్రాక్టరు దిగాడు. పాక ఎగిరిపోయిందని దానియేలు మా ఇంటికే వచ్చాడు, అన్నం తిన్నాడు. నన్ను తిట్టిన నరసమ్మ, తను కూడా వచ్చింది, నిమ్మళంగా నా పీట మీదే కూర్చుంది. తననీ లెక్కలో వేసుకున్నాను.