గడ్డకట్టిన మందు

2001 జూలై రెండో తేదీన, మేమంతా అక్కా అని పిలుచుకునే ఈవిడ ఈ ప్రయోగశాలలో చేరారు. మర్నాడు ఉదయానికి, విషవిరుగుడు ఎక్కించిన పన్నెండు ఎలుకలూ చచ్చిపడి ఉన్నాయి.

అంతకుముందు వారం అదే మందు అన్ని ఎలుకలనూ బతికించింది. వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉండే కొవ్వు రేణువులకు ఎర్ర రక్తకణపు పొర తొడిగితే, పాము విషం వాటినే రక్తమనుకుని అంటుకుపోతుంది. ఆ నానో కణాలే మా విరుగుడు.

అక్క సీసాను వెలుతురుకు ఎత్తి చూశారు.

"సార్, ఇది విరిగిన పాలలా ఉంది. ఎవరో ఫ్రీజర్‌లో పెట్టి తీశారు. గడ్డకడితే కణాలన్నీ అతుక్కుపోతాయి."

"ఎవరో అంటే? ఫ్రిజ్ తాళం ఎవరి దగ్గరుంది?" డైరెక్టర్‌గారు గర్జించారు.

"నిన్నటి నుంచి నా దగ్గరే సార్."

గదిలో ఇంకెవరూ నోరు విప్పలేదు. సర్వీసు పుస్తకంలో 'నిర్లక్ష్యం' అని రాసి, ఆవిడను గాజుసామాను కడిగే గదికి పంపారు.

ఆవిడ అక్కడ గడిపిన రెండేళ్లలో మా టీ గదిలో చక్కెర డబ్బా తరచూ ఖాళీ అయ్యేది. మేం చీమలను అనుమానించాం. తీరా చూస్తే అక్క!

"అరవకండర్రా, మీ టీ కంటే మంచి పనికే వాడుతున్నా. చక్కెర కలిపి గడ్డకట్టిస్తే కణాలు అతుక్కోవడం లేదు, చూడండి!"

ఆ పరిశీలనతోనే విరుగుడును పొడిగా మార్చి, ఫ్రిజ్ లేని ఆసుపత్రులకూ పంపగలిగాం. తర్వాత ఆవిడ ఊపిరితిత్తుల కణాల పొర తొడిగి, వైరస్‌లను పట్టే నానో కణాలను రూపొందించారు. ఇంత చేసినా, ఆ ఒక్క మాట వల్ల విభాగాధిపతి పదవి రెండుసార్లు చేజారింది.

మొన్న వాళ్లమ్మాయి నన్ను నిలదీసింది.

"బాబాయ్, గ్యాస్ కట్టేసి మూడుసార్లు చూసుకునే మనిషి మా అమ్మ. మందు పాడుచేసిందంటే నువ్వు నమ్మావా?"

అక్కా, ఈ రోజుతో పదవీ విరమణ చేస్తున్న మీరు కంటినిండా నిద్రతో, నొప్పెరుగని మోకాళ్లతో, మనవల పెళ్లిళ్లు చూసేంత కాలం హాయిగా ఉండాలి. అమ్మాయికి నేనివ్వలేకపోయిన జవాబు ఇదీ.

ఆదివారం కరెంటు ఉండదన్నారని, శనివారం సాయంత్రం సీసాను ఫ్రీజర్‌లో పెట్టింది నేను. సోమవారం మీరు రాకముందే తీసి కింది అరలో సర్దిందీ నేనే. సర్వీసు పుస్తకంలోని ఆ మాటను నా పేరు మీదికి మార్చమని ఈ ఉదయం సంతకం చేసి ఇచ్చాను. డైరెక్టర్‌గారు అడిగిన రోజున నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. మీదీ కాలేదని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను.