లైన్లో నిలబడ్డ బొండం

"తాతయ్యగారూ, మీ కాలికి చిటికెన వేలు ఏమైందండీ?"

వేలా? చెప్తాను, ఆ పీట ఇలా లాక్కో. తొంభై ఎనిమిది, ఆగస్టు పద్నాలుగు, శుక్రవారం. పొద్దుట్నించీ ముసురు. వాన కాదు, ముసురే. గొడుగేస్తే దండగ, వెయ్యకపోతే తడుపు. తేదీ ఎందుకు గుర్తంటే, మర్నాడు జెండా పండగ, ఆ మర్నాడు ఆదివారం. అంటే ఆ రోజు డాక్టరు గారు చూడకపోతే మళ్ళీ సోమవారమే.

అంతకు పదిరోజుల ముందు తోటలో కొబ్బరి మట్ట గీసుకుంది. చిన్న గీతే. నాకు షుగరని తెలుసు, బి.ఏ. చదివినవాణ్ణి, తెలివుండాలి కదా? పసుపు రాసి ఊరుకున్నాను. వేలు నల్లబడింది. మన ఊళ్ళో ఆరెంపీ డాక్టరు సూర్రావు చూసి, "ఇది నా చేతిలో లేదండి బాబూ, ఆలస్యమైతే మోకాలి దాకా తీసేస్తారండి" అన్నాడు. ఇంకేముంది, మీ అమ్మమ్మ ఒకటే ఏడుపు.

మీ అమ్మ అప్పటికి ఇంటరు. నన్ను పట్టుకుని ముక్తేశ్వరంలో బస్సెక్కించి టౌనుకి తీసికెళ్ళింది. చేతిలో ఒక బొండం, మన గట్టు తోటలోదే. ఉత్త చేతులూపుకుంటూ టౌనుకెళ్ళడం మనకెక్కడుంది? అప్పుడు కాయ రెండు రూపాయలకి అడిగేవాడు లేడు, ఇప్పుడు చూడు... సర్లే, ఏం చెప్తున్నాను? ఆఁ, ఆసుపత్రి.

చీటీల కిటికీ దగ్గర్నించి గేటు దాకా లైను. చీటీ పుచ్చుకుని డాక్టరు గారి గది ముందు ఇంకో లైనులో నిలబడితే, కాంపౌండరు "షుగరు పరీక్ష కాగితమేదండీ? వెనక బిల్డింగుకి వెళ్ళండి" అన్నాడు. అక్కడికెళ్తే "ముందు అక్కడ రాసివ్వాలండి" అన్నారు. ఒంటికాలి మీద ఎన్నిసార్లు తిరగను? కోపమొచ్చి, జేబులో పెన్ను తీసి ఇంగ్లీషులో అర్జీ రాసేను. కాకినాడ కాలేజీలో నా ఇంగ్లీషంటే మేష్టార్లే మెచ్చుకునేవారు. కిటికీలో గుమాస్తా అంతా చదివి, "బాగా రాసేరండి. దీనికి పుండు మానుతుందంటారా?" అన్నాడు. చివరికి నర్సమ్మ ఒకావిడ జాలిపడి చీటీ వెనక రెండు ముక్కలు రాసిచ్చింది.

వంతు పోకుండా అందరూ ఏదోటి పెట్టి వెళ్తున్నారు. చెప్పులు, సంచీ, ఒకాయన గొడుగు. నాకేమో చెప్పొక్కటే, తువ్వాలు కాలికి చుట్టుంది. మీ అమ్మ ఆ బొండాన్ని నా చోట్లో పెట్టి, "ఇది మా నాన్నగారండి, కాస్త చూస్తూ ఉండండి" అని వెనకాయనకి అప్పజెప్పింది.

పరీక్ష కాగితం తెచ్చేసరికి బొండం లేదు. వెనకాయన నెత్తి గోక్కుంటూ, "మీకంటే ముందే మీ బొండం డాక్టరు గారి దగ్గరికెళ్ళిపోయిందండి!" అన్నాడు. ఆయ్, నిజమే. ఎవరో డాక్టరు గారికని తెచ్చేరనుకుని కాంపౌండరు చెక్కించి లోపలిచ్చేసేడు. పైగా తలుపు దగ్గరికేస్తూ "టైమైపోయిందండి, సోమవారం రండి" అంటున్నాడు.

సోమవారం! బి.ఏ. వాణ్ణి, అర్జీ చేత్తో పట్టుకుని అలా నిలబడిపోయేను. మీ అమ్మ మాత్రం అతని చెయ్యి కిందనించి లోపలికి దూరిపోయింది. డాక్టరమ్మ గారు బొండం ఎత్తి తాగుతున్నారు.

"అమ్మా, మీరు తాగుతున్నది మా నాన్నగారి వంతండీ. వంతు లోపలికొచ్చేసింది కాబట్టి మనిషిని కూడా చూడాలండీ."

ఆవిడకి పొలమారింది. దగ్గి, నవ్వి, "ఏరీ ఆ నాన్నగారు? రమ్మనండి" అన్నారు. తువ్వాలు విప్పేక నవ్వు పోయింది. పాదమంతా నొక్కి చూసేరు.

"ఎన్నాళ్ళైందండీ?"

"పది రోజులండి."

"చదువుకున్నారా?"

"బి.ఏ. అండి."

"ఆహా" అన్నారు. ఆ ఒక్క ఆహాకే నేను సగమైపోయేను. తరవాత మెల్లిగా, "ఇవాళ వేలితో పోతుందండి. సోమవారం వచ్చుంటే మోకాలి మాటే మాట్లాడేదాన్ని" అన్నారు.

మధ్యాహ్నమే తీసేసేరు. వేలు పోయిందని ఏడవలేదమ్మా నేను. తిమ్మిరి దిగేక దుప్పటి కింద తడుముకున్నాను. మోకాలుంది, మడముంది, నాలుగు వేళ్ళున్నాయి. హమ్మయ్య అనుకుని, మీ అమ్మ చెయ్యి పట్టుకుని హాయిగా నిద్రపోయేను.

అందుకే మొన్న పంపకాల్లో గట్టు తోట మీ అమ్మకి రాసేను. పెద్దమావయ్యకి వరిచేను, చిన్నమావయ్యకి ఈ ఇల్లు. "రాబడున్న తోట అక్కకా?" అని చిన్నాడు మూతి ముడిచేడు. "ఆ శుక్రవారం నువ్వెక్కడున్నావురా?" అన్నాను. క్రికెట్టాడుతున్నాడు!

ఏమీ రానిదెవరికంటావా? నాకే. నా పేర సెంటు భూమి లేదు. ఈ కాలు మాత్రం ఎవరికీ రాయలేదు, నాకే ఉంచుకున్నాను.

రా, గట్టు తోట దాకా నడిచొద్దాం. కర్రొద్దులే. నువ్వు నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలమ్మా... ఇదిగో, ముందు చెప్పులేసుకో. అక్కడ మట్టలుంటాయి.