నెపో గీకని రేకు

కొట్టకురా ఎవెలియో, దాన్ని కొట్టకు. ఐదేళ్ల పిల్ల, చేతికి రాయి దొరికింది, నీ కారు మీద గీసింది. అయిపోయిందిగా. కొడితే గీతలు పోతాయా ఏవిటి? ఇలా వచ్చి కూచో. కూచోమంటే కూచో. కాలార్కా ఊళ్లో ఎవడో ఉన్నాడన్నావుగా, మిషను పెట్టి రంగు కలిపేవాడు, రేపు తీసికెళ్లు వాడి దగ్గరికి. మా రోజుల్లో మిషనెక్కడిది, నెపో ఉండేవాడు. నెపోముసేనో. నువ్వు చూళ్లేదులే, నువ్వు పుట్టేసరికే పోయాడు. వంతెన దిగగానే ఎడం చేతివేపు, ఇప్పుడు ఆ మందుల కొట్టు లేదూ, అక్కడే రేకుల షెడ్డు. పొట్టి మనిషి, చెవుల్లో వెంట్రుకలు, ఎప్పుడూ దగ్గుతుండేవాడు ఆ రంగుల వాసనకి. ఒక చిన్న చెక్కముక్క మీద నీ బండి రంగు కలిపి పూసి, ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి పట్టుకుని చూసేవాడు. అరగంట చూసేవాడు. వెనక ఎవరు గొణిగినా వినపడనట్టే. ఆయన సర్దిన గీత ఎక్కడుందో వేసినవాడికి కూడా దొరికేది కాదు.

నా జీపు నీకు గుర్తుందా? ఆకుపచ్చది. ఆఁ, చివరికి కోళ్లు గుడ్లు పెట్టేవి దాంట్లో, అదే. అది నా దగ్గరికి రాకముందు ఒతోనియెల్‌ది. ఒతోనియెల్ అంటే, కాఫీ బస్తాలు కొండ మీంచి దింపేవాడు, మంచి డ్రైవరు, ఈల వేసుకుంటూ మలుపులు తిప్పేవాడు. అప్పుడది నీలం రంగు. ఊపిరితిత్తులు పాడయ్యాయి అతనికి, వైద్యానికని నాకు అమ్మాడు, ఆ వైద్యమూ పని చెయ్యలేదు, పోయాడు. పెళ్లాం లిహియా, ఏడేళ్ల కూతురు. లిహియాని మన తోటలో వంటకి పెట్టుకున్నాం, కోతకి వచ్చే కూలీలకి వండి పెట్టేది. పొయ్యి వెనక గదిలో తల్లీ కూతురూ ఉండేవాళ్లు. మీ నాయనమ్మకి ఆ ఏర్పాటు ఇష్టం లేదు. ఆవిడ చుట్టాలమ్మాయి ఒకతి ఉండేది, దాన్ని పెట్టాలని ఆవిడ పట్టు. లిహియా పప్పులో ఉప్పెక్కువ, లిహియా మొక్కజొన్న రొట్టె మందం, రోజూ ఏదో ఒకటి. ఒక్క తప్పు దొరికితే చాలు పంపించెయ్యడానికి అన్నట్టుండేది. చెడ్డదని కాదురా, మీ నాయనమ్మ. పట్టుదల మనిషి.

ఆ యేడు డ్రైవర్లని కాచే కార్మెన్ మాత పండగకి మాత విగ్రహాన్ని ఊరేగించే వంతు నా జీపుది. డ్రైవర్ల సంఘం వాళ్లు ఇంటికొచ్చి అడిగారు. ఇంక నన్ను పట్టుకునేవాడెవడు. పాత రంగు మొత్తం గీకి, వట్టి ఇనుము కనపడాలి, దాని మీద కొత్తగా ముదురాకుపచ్చ వెయ్యాలి అని నెపోకి చెప్పాను. వేశాడు. అద్దంలా మెరిసిందనుకో. తెచ్చి తోటలో పెట్టుకుని చుట్టూ తిరిగి చూసుకునేవాణ్ని. పండగ నాలుగు రోజులుందనగా పొద్దున్నే లేచి చూస్తే, వెనక రేకు మీద గీతలు. బస్తాలెక్కించేటప్పుడు కిందికి దించుతామే, ఆ రేకు మీద. ఒకటీ రెండూ కాదు, మేకుతో తవ్వినట్టు, అరచెయ్యంత మేర. వంతు దక్కని వాళ్లెవరో కుళ్లుకుని చేశారనుకున్నాను. మీ నాయనమ్మ ఇంకా లేవలేదు, ఆవిడ చూడకముందే బండి తీసి నెపో దగ్గరికి పోయాను.

నెపో కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. తుడిస్తే గీతల్లోంచి ఏం కనపడిందో తెలుసా? నీలం. ఇనుము కాదు, నీలం. గీకమన్నవాడు గీకలేదు, పాత రంగు మీదే పూసేశాడన్నమాట. ఇంక చూడు నా నోరు. షెడ్డులో ఇద్దరు డ్రైవర్లున్నారు, వాళ్ల ముందే, "ఇదేనా నీ పనితనం, ఇలాగేనా అందర్నీ ముంచుతున్నది?" అన్నాను. ఆయన గుడ్డ మడత పెట్టుకుంటూ, "ఈ ఒక్క రేకు గీకలేదు, అనిబాల్ గారూ. మిగతాదంతా ఇనుము దాకా తీశాను," అన్నాడు. ఎందుకు గీకలేదయ్యా అని నిలదీశాను. కూర్చుని ఆ గీతల ఎత్తు నేల మీంచి జానతో కొలిచాడు. నాలుగు జానలు. కొలిచి, వాళ్లిద్దరూ పక్కకి పోయాక నా దగ్గరికొచ్చి, మెల్లిగా, "లిహియా కూతుర్ని ఒకసారి తీసుకురండి. ఆ పిల్ల వచ్చేదాకా నేను చెయ్యి పెట్టను," అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. తోటలో అంత కిందగా గీసే ఎత్తున్నది ఆ పిల్ల ఒక్కతేగా.

తిన్నగా పోయి పిల్లని తెచ్చుంటే బాగుండేది. పోలేదు. ముందు చౌక్‌లో కాఫీ కొట్టుకి పోయాను. అక్కడ పదిమంది. నెపో గీకకుండా పూస్తాడు, డబ్బా రంగుతో మోసం చేస్తాడు అని, నించుని మరీ చెప్పాను. "నెపోనా? నమ్మలేం," అన్నాడొకడు. "వచ్చి చూడు నా బండి," అన్నాను. చెప్పాల్సిందంతా చెప్పుకుని, చల్లబడి, అప్పుడు తోటకి పోయాను. పిల్ల బావి దగ్గర గిన్నెలు తోముతోంది. జీపెక్కమన్నాను. ఎక్కింది. తల్లీ కూతుళ్లని రేపే పంపించెయ్యాలి అని మనసులో అనేసుకున్నాను కూడా.

షెడ్డులో అప్పుడు ఎవరూ లేరు. నెపో ఆ పిల్లకి బెల్లం నీళ్లిచ్చాడు. తాగినాక అడిగాడు, "ఏం వెతికావు తల్లీ?" అని. ఎందుకు గీశావు అనలేదు, చూడూ. ఏం వెతికావు అన్నాడు. ఆ పిల్ల నన్ను చూసి, ఆయన్ని చూసి, "నా పేరు," అంది. నాకేం అర్థం కాలేదు. నెపో చెప్పాడు అప్పుడు. ఆ పిల్లకి బాప్తిస్మమిచ్చిన వారం ఒతోనియెల్ వచ్చి, ఆ రేకు మీద కూతురి పేరు రాయించుకున్నాడట. నోయెమీ, పసుప్పచ్చ అక్షరాలు, అంచుకి ఎరుపు; బురద పట్టి ఉండేది, నేనెప్పుడూ పట్టించుకోలేదు. రాసింది నెపోనే. "దాన్ని గీకడానికి చెయ్యి రాలేదండీ. పైన పూశాను. గుడిమెట్ల మీద ఈ పిల్ల నన్నడిగింది, తాతా నా పేరు పోయిందా అని. పోలేదమ్మా, కిందే ఉంది అన్నాను. ఊరుకోబెడదామని అన్నాను. ఇది మేకు పట్టుకొస్తుందనుకున్నానా," అన్నాడు.

తరవాత పిల్లని పీట మీద కూచోబెట్టి, "నువ్వు తవ్విన చోటు తప్పమ్మా, ఇటు," అన్నాడు. గరుకు కాగితం నీళ్లలో ముంచి దాని చేతికిచ్చి, పైన తన చెయ్యి వేసి, గుండ్రంగా రుద్దించాడు. ఆకుపచ్చ నీళ్లు కారుతున్నాయి మోచేతుల దాకా. ముందు ఎర్రంచు కనపడింది, తరవాత పసుపు. ఆ యేడే బళ్లో వేశారు దాన్ని. ఒక్కో అక్షరం పైకొస్తుంటే వేలు పెట్టి చదువుతోంది. పేరంతా వచ్చాక అరచెయ్యి ఆనించి అలాగే కూచుంది. ఏడవలేదు. నేను ఎటు చూడాలో తెలీక బయట వంతెన వైపు చూస్తున్నాను.

అలాగే ఉంచెయ్యమన్నానని అనుకుంటున్నావా? లేదురా. ఊరంతా చూసే బండి మీద ఇంకొకరి పేరు ఎలా ఉంచుతానని, "మూసెయ్యి నెపో," అన్నాను. ఆయన లప్పం డబ్బా అందుకున్నాడు. పిల్లే అడిగింది, "మళ్లీ కిందే ఉంటుందా?" అని. నెపో నా మొహం చూశాడు. "ఉంటుంది," అన్నాను. ఆ ఒక్కటే నేను చేసిన మంచిపని ఆ పూట. లప్పం పెట్టాడు, ఆరాక రుద్దాడు, ప్రైమరు కొట్టి ఆకుపచ్చ వేశాడు. రెండు రోజులు పట్టింది మొత్తం. గీత ఎక్కడుందో నాకే తెలీలేదు.

ఆ పూట బండి అక్కడే వదిలి పిల్లతో బయల్దేరుతుంటే నెపో వెనకే వచ్చి, "ఇంట్లో ఏం చెప్తారు?" అని అడిగాడు. పిల్ల గీసిందని తెలిస్తే మీ నాయనమ్మ ఆ సాయంత్రానికే వాళ్ల మూట బయట పెట్టించేది, అది ఆయనకీ తెలుసు. ఆయనే అన్నాడు, "రంగు పట్టలేదు, పెచ్చులూడిందని చెప్పండి. తప్పు నాదనండి. ఎలాగూ పొద్దున చెప్పేశారుగా." ఎత్తిపొడుపు కాదురా. మామూలుగానే అన్నాడు. నేను సరే అన్నాను. నాకూ అదే సుళువు మరి.

లిహియా ఇంకో పదేళ్లు మన దగ్గరే వండింది. ఆ పిల్ల బళ్లో బాగా చదివింది, తరవాత తల్లిని తీసుకుని పెరీరా పట్నం వెళ్లిపోయింది, నర్సయిందని విన్నాను. అంతవరకూ బాగానే ఉంది. నెపో షెడ్డుకి మాత్రం జీపులు రావడం మానేశాయి. గీకకుండా పూస్తాడటగా, అనేవారు. కాలార్కా పోయేవారు అందరూ. ఆయన ఉయ్యాల తొట్లకీ, గుడి బల్లలకీ, సమాధుల మీది శిలువలకీ రంగులేసుకుంటూ బతికాడు. చౌక్‌లో కనపడితే టోపీ తీసి పలకరించేవాడు నన్ను. నేనూ తీసేవాణ్ని. లిహియా వెళ్లిపోయాకైనా చెప్పొచ్చు కదా, నిజమేమిటో. కాఫీ కొట్టులో అదే చోట నించుని చెప్తే అయిపోయేది. ఈ పండక్కి చెప్దాం, వచ్చే పండక్కి చెప్దాం... వాళ్లు పెరీరా వెళ్లిన మరుసటేడే పోయాడు నెపో, దగ్గుతోనే. వాళ్ల చెల్లెలొచ్చి శవపెట్టె మోయడానికి నా జీపడిగింది. ఇచ్చాను. నేనే నడిపాను. శ్మశానం దగ్గర కాఫీ కొట్టువాడు వచ్చి నా భుజం తట్టి, "నిన్నంత మోసం చేసినవాడికి బండిచ్చావు, నీ మనసు గొప్పది అనిబాల్," అన్నాడు.

నేను తల వంచుకుని, "దాందేముందిలే," అన్నాను.

అదే అన్నాను.

...ఆ కిటికీ వేసెయ్యి. గాలి లోపలికొస్తోంది.