మూసిన బట్టీ

షావుకారు వెంకటకృష్ణ కొత్త సున్నపు బట్టీ పెడుతున్నాడని, మేస్త్రీ కోసం చూస్తున్నాడని తెలిసిన పొద్దునే సారయ్య గడ్డం గీయించుకుని నాంచారమ్మ చాయ్ కొట్టుకు వచ్చాడు. తను మేస్త్రీగా చేసిన పాత బట్టీ మూతపడ్డప్పటి నుంచి అతన్ని పనికి పిలిచినవాడు లేడు. షావుకారు బెంచీ మీదే ఉన్నాడు. ఇంకేం కావాలి? సారయ్య మొదలుపెట్టాడు.

"రాయి కాలితే గాలి ఇడుస్తది, సున్నమైతది. ఆ గాలి పోనీకే బట్టీకి పైన బొక్క ఉంచుతరు. అందరు ఉంచుతరు. నేను మూసిన!"

"మూస్తే ఏమైతది మామా?" అన్నాడు లారీ నడిపే చందర్.

"గాలి యాడికి పోతది? మళ్ళ సున్నంలకే దూరుతది, సున్నం మళ్ళ రాయైతది. ఈడ రాయి సున్నమైతాంటే ఆడ సున్నం రాయైతాంది. ఎంత పోతాందో అంతే వస్తాంది. బయటికి ఏం కదలనట్టే ఉంటది, లోపల తిరునాళ్ల! చెవి పెట్టి విన్న. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక రాయికి గుర్తుకు ఎర్ర జాజు పూసి పెట్టిన. పొద్దుగాల సున్నం, పగటికి రాయి, మాపటికి మళ్ళ సున్నం. చూడనీకి భద్రాచలం నుంచి బస్సులేసిండ్రు. ఆ సెగకు నా ఎంటికలు సుత తెల్లబడుడు, నల్లబడుడు! గోదారి గూడ నా బట్టీని చూసి నేర్చుకుంది. ఎంత కిందికి పారిందో అంత మీదికి పారింది, ఆ ఏడు వరదే లేదు!"

"మరి ఇప్పుడు తల తెల్లగనే ఉందేంది?" అన్నాడు చందర్.

"బట్టీ బందైంది గదరా!"

షావుకారు కూడా నవ్వాడు. ఆ నవ్వులో సారయ్యకు పని కనిపించింది. ఊపు ఆగలేదు.

"నా చేతికింద ఒక్కనికి గోరు సుత ఇరగలే. నా బట్టీల పోయింది ఏదైనా మళ్ళ వచ్చేడిదే!"

పాత బట్టీలో రాళ్లు మోసిన జంపక్క గ్లాసు కింద పెట్టింది.

"నిప్పు ఆరినంక, సున్నం ఎంతైందో చూసి రమ్మని మా ఇంటాయన్ని కింది వాకిట్లకెల్లి లోపలికి తోలినవ్. మీది బొక్క తెరవలే. లోపల ఆ గాలే నిండి ఉంది. పోయినోడు పోయినట్టే పడిపోయిండు. మళ్ళ వస్తదన్నవ్ గద సారయ్యా, ఆయన ఎప్పుడొస్తడు?"

ఎవరూ నవ్వలేదు. పని పోయినట్టే అనుకుని సారయ్య చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

వెంకటకృష్ణ గొంతు సవరించుకున్నాడు.

"అది సరే సారయ్యా, బొక్క మూస్తే బట్టీకి కాల్చే కట్టెలేమన్నా మిగిలాయా?"