పాలు పొంగేదాకా

మదురైలోని ఆ ఇంటి అరుగు మీద తల్లీకూతుళ్లు మల్లెమొగ్గలు మాల కడుతున్నారు. కూతురు సోమవారం తిరునెల్వేలిలో టీచరుగా చేరాలి. ఎక్కడ ఉండాలన్నది ఇంకా తేలలేదు.

“ఇద్దరు టీచర్లు ఉంటున్న గదిలో మూడో మంచం ఖాళీ ఉందటమ్మా. అందులో సర్దుకుంటాను.”

“ఎందుకే ఆ ఇరుకు? నాన్న అక్కడే చిన్న ఇల్లు కొనిస్తానంటున్నారుగా?”

“అప్పుడది ఆయన ఇల్లే అవుతుంది. ఎన్నింటికి వచ్చావు, ఎవరొచ్చారని రోజూ ఫోను.”

తల్లి కిసుక్కున నవ్వి, లోపలికి ఓసారి తొంగిచూసింది.

“నీకేది నచ్చింది? నిజం చెప్పు.”

“మేడ మీద ఒక గది, వంటిల్లు. కిటికీ తీస్తే తామ్రపర్ణి నది కనిపిస్తుంది. కానీ ఒంటరి ఆడపిల్లకి అద్దెకివ్వనంది ఆ ఇంటావిడ.”

“అమ్మ కూడా ఉంటుందని చెప్పు.”

“అబద్ధం చెప్పనా?”

“అబద్ధమెలా అవుతుందే? అద్దె ఇల్లయినా పాలు పొంగించకుండా అడుగు పెడతామా? ఆ పని పెద్దదాన్ని నేనే చేయాలి.”

“దానికి ఒక పూట చాలు కదమ్మా.”

తల్లి చేతులు ఆగిపోయాయి.

“ముప్పై ఏళ్లుగా తొమ్మిదిమందికి వండుతున్నాను. ఇద్దరికే వండుకుని, కిటికీ దగ్గర కూర్చుని తినాలని ఉందే.”

కూతురు ఆమె ముఖంలోకి చూసింది. అమ్మ ఏదైనా కావాలని అడగడం ఇదే మొదటిసారి.

“మరి నాన్న?”

“పాలు పొంగడానికి ఎన్నాళ్లు పడుతుందో ఆయనకేం తెలుసు? ఎప్పుడైనా పొయ్యి దగ్గరికి వచ్చారా?”

కూతురు పూలు పక్కన పెట్టి, మేడ గది ఇంటావిడకి ఫోను చేసింది.

“అక్కా, ఆ గది మాకివ్వండి. ఇద్దరం ఉంటాం.”