చెంచాడు సముద్రం

అట్టా గుమ్మంలో నిలబడితే పని ఎట్టా అవుతుంది ఖాజావలన్నా! లోపలికి రా. చెప్పులు అక్కడే వదిలెయ్, ఎవరూ ఎత్తుకుపోరులే. ఆయన ఇంట్లో లేరు, బళ్ళో ఉన్నారు. నాలుగున్నరకి గంట కొడితే గానీ రారు. ఇప్పుడు మూడేగా అయింది. మూడూ పది. సరే, రా మరి, ఎంతసేపు బతిమాలించుకుంటావు?

"నా గుమ్మం తొక్కొద్దు" అన్నది ఆయన. నేను కాదు. వారం వారం దీనికి పసుపు రాసేది నేను. ఆ మాత్రం హక్కు నాకుండదా?

చూడు, నువ్వొస్తావని అన్నం తినగానే తొట్టి నీళ్ళన్నీ తోడేశాను. తుడిచి ఆరబెట్టా కూడానూ. చేపలు రెండూ అదిగో ఆ జాడీలో ఉన్నయ్. ఏ జాడీ ఏంటి, నా ఆవకాయ జాడీయే! రెండో దాంట్లో వాడరేవు నీళ్ళు. రెండేళ్ళ నుంచీ ఈ ఇంట్లో ఆవకాయ కుండలో పెడుతున్నా, ఎవరికి చెప్పుకోను?

ఊళ్ళో మగవాళ్ళకి పేకాటో, నాటకాలో ఉంటయ్. మా ఆయనకి సముద్రం. ఆదివారం వస్తే చాలు, సైకిలు వెనక జాడీ కట్టుకుని వాడరేవు వెళ్ళడం, ఉప్పునీళ్ళు మోసుకురావడం. "సైన్సు మేష్టారు సముద్రాన్ని చీరాలకి తెస్తున్నారు" అని మగ్గాల వాళ్ళంతా నవ్వేవాళ్ళు. పటాలకి అద్దాలు కట్టుకునే నిన్ను పట్టుకుని ఇంత తొట్టి కట్టించారు. ఇత్తడి చట్రం, అద్దాలు, సందుల్లో పడవలకి పూసే తారు. రెండేళ్ళు ఒక్క బొట్టు కారిందా? కారలా. అది నీ చెయ్యి.

ఏ మూలంటావా? అదేం ప్రశ్న! రెండుసార్లు అతికావుగా. కిటికీ వైపు మూలే. ఎప్పుడూ అదే.

ఆగాగు. తారు కరిగించే కుంపటి అప్పుడే రాజెయ్యకు. ముందు నాలుగు మాటలు విను. కాఫీ తాగుతావా? వద్దా? నాకూ వద్దులే. పొద్దుట్నించీ కాలు ఒక్క చోట నిలవడం లేదు. ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడ్చాను.

నిన్న పంపు దగ్గర మీ ఆవిడ, జోహరాబీ వదిన కనపడింది. గాజు కోసే వజ్రపు కలం బట్టలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టేశావంటగా? ఇక అద్దం ముట్టనన్నావంటగా? "ఆ మూల తారంతా గీతలే జోహరా, నా కత్తే జారింది, నాకే తెలీకుండా చెయ్యి తడబడుతోంది" అన్నావంట. చెబుతూ చెబుతూ కొంగు నోట్లో కుక్కుకుంది. నా బిందె నిండి పొర్లి కాళ్ళ మీదుగా పోతోంది అన్నా, చూసుకోలా. ఖాళీ బిందె ఎత్తుకుని ఇంటికొచ్చానో, నిండు బిందె ఎత్తుకుని వచ్చానో, అదీ గుర్తు లేదు. అందుకే నీకు కబురు పెట్టా.

ఈ ఊళ్ళో ఏ ఇంట్లో దేవుడి పటం చూసినా నువ్వు బిగించిన అద్దమే. అట్టాంటి చెయ్యి తడబడుతుందా? ఎట్టా నమ్మావు?

సరే. మొదట్నించీ చెబుతా. మధ్యలో లేచి వెళ్ళిపోనని మాటివ్వు. తల ఊపితే చాల్దు. ఊఁ, సరే.

మా ఆయన చెడ్డవారు కాదన్నా. తిట్టరు. చెయ్యెత్తరు. మాట్లాడరు, అంతే. పెళ్ళయి పదకొండేళ్ళు. ఇంట్లో ఉండేది మేమిద్దరం. నన్ను పిలవాలంటే "ఇదిగో" అంటారు. పళ్ళెం పక్కన పుస్తకం పెట్టుకుని తింటారు. కూర బాగుందనరు, బాగాలేదనరు. ఒకసారి ఏం చేశానో తెలుసా? కావాలని పప్పులో ఒక్క ఉప్పుకల్లు కూడా వెయ్యలా. మాగాయి కూడా వడ్డించలా. చూద్దాం, ఏమంటారో అని స్తంభం పక్కన నిలబడ్డా. శుభ్రంగా తినేసి, లేచి, చెయ్యి కడుక్కున్నారు. పేజీ పోతుందేమోనని పుస్తకంలో వేలు పెట్టుకుని మరీ లేచారు! ఆ చప్పిడి పప్పు తరవాత నేను తిన్నా. ఏడుస్తూ తిన్నా.

అదే ఆ తొట్టి ముందు కూర్చుంటే చూడాలి! చేపలకి గాలందించే ఆ లారీ ట్యూబుకి సైకిలు పంపుతో గాలి కొట్టుకుంటూ, నీళ్ళల్లో బుడగలొస్తుంటే, "ఏరా చారలోడా, ఇవ్వాళ తిండి తిన్లేదేం?" అని చేపనడుగుతారు. నేను వంటింట్లో వింటా. ఇంత చేప మీద అసూయ పడ్డానంటే నవ్వుతావేమో. పడ్డాను.

వినాయక చవితి వెళ్ళిన నాలుగు రోజులకి తొట్టిలో నీళ్ళు తగ్గడం మొదలెట్టినయ్. రోజుకి గ్లాసుడు. "ఎండకి ఆవిరవుతోంది, మంచినీళ్ళు పొయ్యి. నీళ్ళు పోతయ్ గానీ ఉప్పెక్కడికీ పోదు" అన్నారు. పోశాను. వారం పోశాను. ఒకరోజు సాయంత్రం మూడు చేపల్లో ఒకటి పక్కకి ఒరిగిపోయి తేలుతోంది. ఆయనకి కాళ్ళూ చేతులూ ఆడలా. నేనేమో ఏం తోచక వేలు ముంచి నాలిక్కి రాసుకున్నా. "ఉప్పు చాల్లేదండీ" అన్నా.

నేను పొదిలి దాన్నన్నా. అక్కడ మంచినీళ్ళు దొరకడమే గగనం. ఏ బావిలో ఎంత ఉప్పు ఉందో నాలిక మీద వేసుకుని చెప్పే ఇంట్లో పుట్టాను. కళ్ళు మూసి చెంబు చేతికిస్తే ఇది కరణంగారి బావి, ఇది తోట బావి అని చెప్పేదాన్ని.

అప్పుడు చూశారు నా వంక. "వెంకటరావమ్మా!" అన్నారు. పేరు పెట్టి, అంత పొడుగు పేరూ, మొత్తం! పదకొండేళ్ళలో అదే మొదటిసారి. తరవాత బల్ల మీది గుడ్డ ఎత్తి చూస్తే మూల తడిగా ఉంది, చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. కారిపోతోంది. కారితే నీళ్ళతో పాటు ఉప్పూ పోతుంది గదా. ఎంత పోయిందో తెలీకుండా ఏ నీళ్ళు పొయ్యాలి? నీళ్ళల్లో ఉప్పు కొలిచే గాజు కడ్డీ బళ్ళో ఉందిట, ఇంటికివ్వరుట.

ఆ చేప దక్కలా. మిగతా రెండిటి కోసం ఆ రోజు నుంచీ సాయంత్రం సాయంత్రం రెండు చెంచాలు. ఒకదాంట్లో జాడీలోని వాడరేవు నీళ్ళు, ఒకదాంట్లో తొట్టి నీళ్ళు. ఆయన చేత్తో, నా నోటికి. "రెండూ ఒకటేనా? ఏది చప్పగా ఉంది? తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పు" అనేవారు. నేను చెప్పేదాకా ఊపిరి బిగబట్టి నా మొహం వంకే చూసేవారు. నేను కొంచెం ఆలస్యంగానే చెప్పేదాన్నిలే.

తరవాత కింద తడి తుడుస్తూ ఇద్దరం అక్కడే కూర్చునేవాళ్ళం. పోటు ఎందుకొస్తుందో చెప్పేవారు. చిన్నప్పుడు అమరావతిలో కృష్ణలో మునిగిపోబోయి బయటపడ్డ సంగతి చెప్పారు. నాకు తెలీదన్నా ఆ సంగతి. పదకొండేళ్ళ కాపురంలో ఆయన మునగబోయారన్న సంగతి నాకు తెలీదు!

ఇంతలో నువ్వొచ్చి అతికావు. ఎంత బాగా అతికావు! బొట్టు కారలా. చెంచాలు గూట్లోకి వెళ్ళినయ్. మళ్ళీ పుస్తకం. మళ్ళీ "ఇదిగో". పది రోజులు చూశాను. మూల కింద గుడ్డ పెట్టి చూసేదాన్ని, తడి తగులుతుందేమోనని. పొడిగా ఉండేది.

పదకొండో రోజున జడలోంచి పిన్ను తీశాను.

అట్టా చూడకన్నా. విను, మొత్తం విను. మొదటిసారి నిజంగా తెలీక చేశా, ఒట్టు. చవితికి ఇంట్లో ఇత్తడి సామానంతా చింతపండు పెట్టి తోముతూ ఈ చట్రం కూడా తోమాను. పచ్చగా చిలుము పట్టి ఉంది. మూల సందులో నల్లగా ఏదో కనపడింది. మట్టి అనుకున్నా. పిన్నుతో గీకి గీకి తీశా. అది నీ తారని నాకేం తెలుసు? చట్రం తళతళా మెరుస్తుంటే మురిసిపోయా కూడా.

కానీ రెండోసారి తెలుసు. మూడోసారీ తెలుసు.

ఆ గీతలు నీ కత్తివి కావు. ఈ పిన్నువి. ఇదిగో, తీసుకో. కొనకి తారు ఇంకా అంటుకునే ఉంది, చూడు.

మూడోసారి కారాక ఆయన మీ కొట్టు ముందు నిలబడి, అంతమందిలో నిన్ను చేతకానివాడన్న రోజున, ఇంటికొచ్చి నాతో చెప్పారు. చెప్పారన్నా, నాతో, మంచం మీద పక్కన కూర్చుని! ఇంకా కోపంగానే ఉన్నారు. నేను మంచినీళ్ళిచ్చి, "పోనీండి" అన్నా. అప్పుడైనా నోరు విప్పొచ్చు గదా? విప్పలా. పక్కన కూర్చున్నారు గదా అని ఊరుకున్నా. నీ మాట తోచనే లేదు. అంత పాపిష్టిదాన్నయ్యా.

తిట్టు. ఏదో ఒకటి అను. ఆ పిన్ను మొహాన కొట్టు, పడతాను.

ఏంటి, చేతులు చూసుకుంటున్నావు? చూసుకో. వాటికేం కాలా. ఏం కాలేదన్నా. ఇవ్వాళ ఇంటికెళ్ళగానే వజ్రపు కలం బయటికి తియ్. జోహరాబీ వదినకి నేనే వచ్చి చెబుతా, ఆవిడ నాలుగు చీవాట్లు పెట్టినా సరే.

రాజేస్తావా కుంపటి? రాజెయ్. విసనకర్ర ఇదిగో. నేను విసురుతా, నువ్వు పని కానియ్.

...

చూశావా, ఎంత సన్నగా పడుతోందో తారు గీత! ఎక్కడన్నా వణికిందా? నువ్వే చెప్పు.

అయిపోయిందా? అప్పుడేనా? అయ్యో, అదిగో గంట. నాలుగున్నర. తారు చల్లారిందిలే, నీళ్ళు నేను పోస్తా. సంచీ ఎందుకు సర్దుతున్నావు? పెరటి వైపు నుంచి వెళతావా? ఎందుకు? నువ్వేమన్నా దొంగవా?

ఏంటీ? చెప్పొద్దంటావా? మన ఇద్దరి మధ్యే ఉంచుకుందామా? "మేష్టారు బాధపడతారమ్మా, సంసారం" అంటావా? భలేవాడివే! మరి బజార్లో పోయిన నీ పేరు ఎవరు తెస్తారు? పెరటి దారిన వస్తుందా?

లాభం లేదు. కూర్చో. ఆ పీట మీద, తొట్టి పక్కనే కూర్చో. పిన్ను బల్ల మీద పెట్టు, కనపడేట్టు. ఆయన రానీ. నీ ముందే చెబుతా.

భయమా? ఎందుకు లేదు! ఎట్టా ఉంటారో కూడా నాకు తెలీదు. నా మీద ఒక్కసారైనా కోప్పడితే గదా తెలిసేది! ఆ తలుపు చప్పుడు... సైకిలు గోడకి ఆనిస్తున్నారు. కదలకు.

కోప్పడనీ అన్నా. కోప్పడాలన్నా నా మొహం వంక చూడాలి గదా.